కల్యాణ దుర్గము నుండి తంగడగి దాక: అళియ రామరాయల జీవితము

చరిత్రలో కొన్ని తావులు రెండు మారులు పేరు కెక్కును. శ్రీ బసవేశ్వరుడు అనుభవ మంటపమును నెలకొల్పిన కల్యాణ నగరము అట్టిది. నీలాంబికాదేవి లింగైక్యము పొందిన కృష్ణాతీర గ్రామము తంగడగి అట్టిది. 12వ శతాబ్దమున ఈ రెండును శరణుల వలన పుణ్యస్థలము లయ్యెను. నాలుగు వందల ఏండ్ల పిమ్మట అదే కల్యాణము రాజుల పంతములకు పణ మయ్యెను; అదే తంగడగి చెంత ఒక్క దినమున విజయనగర సామ్రాజ్యపు నడుము విరిగెను. ఈ రెండవ కథకు నాయకుడు మన కందనవోలు సీమలో వేళ్ళూనిన ఆరవీటి వంశమున పుట్టిన అళియ రామరాయలు. గొప్ప సేనానియు, గొప్ప తంత్రజ్ఞుడును అగు ఆ మహాపురుషుని జీవితము శరణమార్గమున నడచు కుటుంబములవారు శ్రద్ధతో తెలిసికొనదగినది.

వంశము – తొలి దినములు

తుంగభద్రలో హంద్రీనది కలియు చోట వెలసిన కందనవోలు నేటి కర్నూలునకు పూర్వనామము. ఆదవానితో పాటు ఇదియు విజయనగర రాజ్యమునకు ఉత్తర దిక్కున కావలి కోట. ఆరవీటి బుక్కరాజు సాళువ నరసింహరాయల కడ సేనాని. ఆయన కుమారుడు రామరాజు ఆదవాని కడ శత్రుసేన నోడించి, కందనవోలు దుర్గమును గైకొనినట్లు ఆ వంశపు శాసనములు తెలుపుచున్నవి. ఆ రామరాజు మనుమడే మన కథానాయకుడు. తండ్రి శ్రీరంగరాజు, తల్లి తిరుమలాంబ. తమ్ములగు తిరుమలరాజు, వేంకటాద్రి కడవరకు అన్నగారికి రెండు భుజములుగా నిలిచిరి. ఈ వంశపు శాఖలు నంద్యాలలోను, ఔకులోను పాలన సాగించెను. పింగళి సూరన కళాపూర్ణోదయమును అంకితము గొన్న నంద్యాల కృష్ణమరాజు ఈ కుటుంబమువాడే. వసుచరిత్ర కర్త యగు భట్టుమూర్తికి రామరాజభూషణుడను పేరు ఈ కొలువు వలన కలిగినదే.

ఇంత ప్రసిద్ధ వంశమున పుట్టియు రామరాయలు యౌవనమున తన కత్తిని మొదట గోలకొండకు అప్పగించెను. 1512 ప్రాంతమున ఆయన సుల్తాను కులీ కుత్బ్ షా కొలువున చేరి, సరిహద్దు సీమపై అధికారి యయ్యెనని గోలకొండ చరిత్రకారులు వ్రాసిరి. మూడేండ్లకు బిజాపురపు సేన ఆ సీమపై పడెను. రామరాయలు నిలువలేక గోలకొండకు తిరిగిపోగా, సుల్తాను ఆ పలాయనమునకు కోపించి కొలువు నుండి తొలగించెను. ఆ అవమానముతో ఆయన విజయనగరము చేరెను. అక్కడ శ్రీకృష్ణదేవరాయలు ఆ యువకుని సామర్థ్యము గుర్తించి, కొలువిచ్చి, తుదకు తన కూతు నిచ్చి వివాహము చేసెను. కన్నడమున అళియ యనగా అల్లుడు. నాటి నుండి ఆయన అళియ రామరాయ లయ్యెను. గోలకొండలోని ఆ కొలువు వ్యర్థము కాలేదు. దక్కను సుల్తానుల భాషయు, మర్యాదలును, వారిలో వారికి గల పగలును ఆయనకు తెలిసినంతగా విజయనగరమున మరి యెవరికిని తెలియవు. ఆయన బలమునకు మూల మదియే. పతనమునకు మూలమును అదియే.

రాజ్యభారము

1529లో కృష్ణరాయలు కాలధర్మము నొందగా తమ్ముడు అచ్యుతదేవరాయలు సింహాసన మెక్కెను. అధికారము తన చేతికి రావలెనని రామరాయలు ఆనాడే యత్నించెను గాని ఫలింపలేదు. బిజాపురపు ఇబ్రాహీము ఆదిల్ షా తన కొలువు నుండి తొలగించిన మూడు వేల మంది సైనికులను పిలిచి, ఆయన తన సేనలో చేర్చుకొనెను. మతమును గాక కత్తి నేర్పును చూచి కొలువిచ్చుట ఆయన జీవితాంతము విడువని పద్ధతి.

1542లో అచ్యుతరాయలు మరణించెను. బావమరది సలకరాజు తిరుమలుడు బాలుడగు రాజును చంపించి, రాజధానిలో దారుణములు సాగించెను. అప్పుడు రామరాయలు గుత్తి కోటలో బందీయై యున్న రాజవంశీయుడు సదాశివరాయలను విడిపించి, రాజుగా ప్రకటించి, సలకరాజును యుద్ధమున పరిమార్చి విజయనగరము ప్రవేశించెను. ఈ పోరాటమున ఆయనకు అండ మన సీమ కోటలే. కృష్ణరాయలు చనిపోయిన పదునాల్గు సంవత్సరములకు రాజ్యము మరల ఒక సమర్థుని చేతికి వచ్చెను.

కాని ఆ సమర్థుడు రాజు కాడు. కిరీటము సదాశివరాయలది, ఆజ్ఞ రామరాయలది. కొంత కాలమునకు ఆ రాజు ఏడాదికొక మారు ప్రజలకు కనబడుటకు మాత్రమే మిగిలెను. పాత సేనానుల స్థానములలో రామరాయలు తన బంధువులను నిలిపెను. కోటలు, కోశాగారము, సేన అన్నియు ఆరవీటి వారి యధీనము లయ్యెను. రాజ్యము బలపడెను గాని, దాని బరువంతయు ఒక్క తల మీద నిలిచెను.

ఆయన పాలనలోని మంచిని మరువరాదు. 1547లో పోర్చుగీసు వారితో ఒడంబడిక చేసికొని, గోవా రేవున దిగు గుఱ్ఱములు విజయనగరమునకే చేరునట్లు చేసెను. సంగీత శాస్త్రమున విభేదములు తీర్చుటకై రామామాత్యునిచే 1550లో స్వరమేళకళానిధి వ్రాయించెను. తాను వైష్ణవుడై యుండియు ఇతర మతస్థులకు కొలువున ఉన్నత స్థానము లిచ్చెను. వీరశైవ వంశీయుడగు కెళది సదాశివ నాయకుడు ఆయన సామంతులలో ప్రముఖుడు. గోలకొండ రాజకుమారుడు ఇబ్రాహీము ప్రాణభయముతో పారివచ్చినపుడు, 1543 మొదలు 1550 వరకు ఏడేండ్లు విజయనగరమున ఆశ్రయ మిచ్చి, జాగీరు నిచ్చి పోషించెను. తెలుగు కవులు మల్కిభరాముడని కీర్తించిన సుల్తాను ఈ ఇబ్రాహీము కుత్బ్ షాయే.

మరియొక విషయము మన పాఠకులకు ప్రత్యేకముగా చెప్పదగినది. బాదామికి చెందిన కొండోజుడను మంగలి తన పనితనముతో రామరాయలను మెప్పించెను. ఏమి కావలెనని యడుగగా అతడు తనకై మాన్యములు కోరలేదు. తన వృత్తివారందరి పైన గల పన్నులను తీసివేయుమని కోరెను. రామరాయలు సమ్మతించెను. రాజ్యమున పలుచోట్ల మంగళ్ళకు పన్నులు, వెట్టి తొలగించినట్లు ఆ కాలపు శాసనములు కన్నడ, తెలుగు సీమలలో నేటికిని నిలిచియున్నవి. కాయకమునకు ఇంతటి గౌరవము నొక సేనాని చేయుట సామాన్యము కాదు. బసవన్నకు అత్యంత సన్నిహితుడైన హడపద అప్పణ్ణను కులగురువుగా కొలుచు వారు ఆ వృత్తివారే. రామరాయల దండయాత్రలలో గెలిచిన కోటలన్నియు పోయినవి; ఈ శాసనములు మాత్రము పోలేదు.

కల్యాణ దుర్గము

బహమనీ రాజ్యము చీలిన పిమ్మట దక్కనులో బిజాపురము, అహమదునగరము, గోలకొండ, బీదరు, బీరారు అను ఐదు సుల్తాను రాజ్యము లేర్పడెను. వీరిలో వీరికి తీరని తగవులు. బీదరు, బిజాపురము, అహమదునగరము మూడును చేరువగా నుండు చోట కల్యాణ దుర్గ ముండెను. చరిత్రకారులు కల్యాణి యని పిలుచు ఈ కోట మన బసవన్న కల్యాణమే; నేడు బీదరు జిల్లాలో బసవకల్యాణమను పేర నున్నది. ఎల్ల జాతుల వారు, ఎల్ల వృత్తుల వారు ఒక్క కప్పు క్రింద కూర్చుండి సత్యము విచారించిన ఊరు ఇప్పుడు ఇరుగుపొరుగు రాజులు ఒండొరులను మోసగించుటకు సాధన మయ్యెను.

రామరాయల తంత్రము సరళము. సుల్తానులు కలహించినపుడు బలహీనుని పక్షము చేరి బలవంతుని అణచుట; మరునాడు పక్షము మార్చుట; ప్రతి మారును తన వంతు తాను గైకొనుట. 1549 ప్రాంతమున కల్యాణిని గెలుచుటకు అహమదునగరపు బుర్హాను నిజాము షాకు తోడ్పడెను. ఆ మైత్రి వలన 1552 నాటికి రాయచూరు, ముదిగల్లు తన వశము చేసికొనెను. 1558లో బిజాపురమున అలీ ఆదిల్ షా పట్టాభిషిక్తు డయ్యెను. రామరాయల కుమారుడు మరణింపగా ఆ యువ సుల్తాను కొద్ది పరివారముతో విజయనగరమునకు స్వయముగా వచ్చి పరామర్శించెను. రామరాయల భార్య అతనిని కొడుకుగా భావించెను. కాని అతడు తిరిగి పోవునపుడు సాగనంపుటకు రామరాయలు వెంట పోలేదు. ఆ చిన్న లోపము అలీ మనసున ముల్లై నిలిచెను.

అయినను అప్పటికి ఇరువురును మిత్రులే. ఇప్పుడు అలీ పక్షమున నిలిచి, రామరాయలు అహమదునగరముపై దండెత్తెను. పదేండ్ల క్రిందట తాను నిజాము షా కిప్పించిన కల్యాణిని ఇప్పుడు అతని కుమారుడు హుసేను నిజాము షా చేతి నుండి లాగి, అలీకి ఇప్పించెను. కెళది సదాశివ నాయకుడు రామరాయల పక్షమున కల్యాణి దిక్కు పోరులలో శౌర్యము చూపెనని కెళది వంశచరిత్ర చెప్పును. బసవన్న నడచిన నేలపై లింగధారులే కత్తి పట్టి నిలువవలసి వచ్చెను గదా!

తాంబూలము

1561లో హుసేను నిజాము షా సంధి కోరెను. రామరాయలు విధించిన షరతులలో నొకటి, సుల్తాను తానే వచ్చి తన చేతి తాంబూలము నందుకొనవలెనని. హుసేను వచ్చెను. రామరాయలు ఆసనము నుండి లేవకయే చేయి అందించెను. హుసేను వెంటనే నీరు తెప్పించుకొని, ఆ చేయి కడుగుకొనెను. రామరాయలు తానును నీరు తెప్పించుకొని చేతులు కడుగుకొనెను. కోటలు పోయిన బాధ కాలక్రమమున మానును. నిండు సభలో జరిగిన అవమానము మానదు. యౌవనమున గోలకొండ కొలువులో తాను పొందిన తిరస్కారమును జీవితాంతము మరువని రామరాయలు, ఇతరులును మరువరని గ్రహింపకపోవుట వింత.

1563లో హుసేను, ఇబ్రాహీము కుత్బ్ షా కలిసి కల్యాణిని ముట్టడించిరి. ఆ ముట్టడి శిబిరములోనే హుసేను తన కూతుని ఇబ్రాహీమునకు ఇచ్చి పెండ్లి చేసెను. రామరాయలు, అలీ సేనలు వచ్చి ముట్టడిని చెదరగొట్టి, అహమదునగరము వరకు తరిమిరి. తిరుగు దారిలో రామరాయలు తన పాత యతిథి యగు ఇబ్రాహీము నుండి కోవిలకొండ, పానగల్లు, ఘణపురము కోటలను గైకొనెను. మిత్రుడగు బిజాపురము నుండియు భూములు కొనెను. గెలుపు సంపూర్ణ మయ్యెను. కాని ఆ గెలుపు తరువాత దక్కనులో ఆయనకు మిత్రుడు ఒక్కడును మిగులలేదు.

కల్యాణి గుడారములలో జరిగిన ఆ పెండ్లి మరి రెండు పెండ్లిండ్లకు దారి తీసెను. 1564లో హుసేను కూతురు చాందు బీబీని అలీ ఆదిల్ షా పెండ్లాడెను. షోలాపురము కోట అరణముగా వచ్చెను. అలీ చెల్లెలిని హుసేను కుమారునకు ఇచ్చిరి. తరతరముల పగ రెండు విడిదిండ్లలో తీరెను. బీదరు అలీ బరీదు షాయు చేరెను. ఏ కలహములపై రామరాయలు తన మేడ కట్టెనో, ఆ కలహములు లేకపోయెను.

కృష్ణాతీరమున

1564 డిసెంబరులో నాలుగు రాజ్యముల సేనలు తాళికోట మైదానమున కూడెను. యుద్ధమునకు ఆ ఊరి పేరు వచ్చినను, పోరు జరిగినది అక్కడ కాదు. దక్షిణముగా కృష్ణాతీరమున, రక్కసగి, తంగడగి గ్రామముల ప్రాంతమున. అందువలననే దీనిని రాక్షసి తంగడి యుద్ధమని మన పుస్తకములలో చదువుదుము. తంగడగికి కొలది దూరముననే, కృష్ణలో మలప్రభ కలియు చోట కూడలసంగమ మున్నది. కూడలసంగమమునకు రమ్మని నీలాంబికను పిలిపించుటకై బసవన్న అప్పణ్ణను పంపెననియు, దారిలో తంగడగి చేరునప్పటికే బసవన్న ఐక్య మందెనని తెలిసి ఆ తల్లి అక్కడనే లింగైక్యము పొందెననియు, అప్పణ్ణయు ఆ చోటనే ఒడలు విడిచెననియు శరణుల సంప్రదాయము చెప్పును. ఆ నేల మీదికి ఇప్పుడు ఏనుగులు, ఫిరంగులు వచ్చెను.

రామరాయలకు అప్పటికి డెబ్బది యేండ్లు దాటినవి. తమ్ములను ముందు పంపి, కృష్ణ రేవులను కాపు కాయించెను. రేవు లన్నియు కట్టుదిట్టముగా నుండుట చూచి, సుల్తానులు మూడు దినములు నది వెంబడి వేరొక రేవునకు పోవుచున్నట్లు నటించిరి. కావలి సేన తన తావు విడిచి ఆవలి గట్టున వారికి సమముగా నడచెను. అంతట వారు వేగమే వెనుదిరిగి మొదటి రేవున నది దాటిరి. నూరేండ్ల రాజ్యములను కాపాడు నది, మూడు దినముల ఏమరుపాటున దారి యిచ్చెను.

1565 జనవరి 23న పోరు జరిగెను. రెండు ప్రక్కల సేనలను తిరుమలరాజు, వేంకటాద్రి నడిపిరి. నడుమ రామరాయలు హుసేను నిజాము షాకు ఎదురు నిలిచెను. గుఱ్ఱమెక్కుమని సేనానులు కోరినను వినక పల్లకిలో సాగెను. ప్రక్కలందు మొదట విజయనగర సేనదే పైచేయి. సుల్తానుల రెండు పార్శ్వములు వెనుకకు తగ్గెను. రామరాయలు పల్లకి దిగి, రత్నాసనమున కూర్చుండి, చుట్టును నాణెములు రాసులు పోయించి వీరులకు పంచెను. ఎదుట హుసేను ఫిరంగులు మూడు వరుసలుగా నిలిచియుండెను. వాని అధిపతి చెలెబీ రూమీ ఖాను విజయనగర సేనను దగ్గరకు రానిచ్చి, ఫిరంగులలో రాగి నాణెముల సంచులు కూరించి కాల్పించెను. ఒకచోట నాణెములు బహుమతులైనవి. వేరొకచోట అవే మృత్యువైనవి. నడిమి సేన చెదరెను. ఆ కలవరమున ఒక ఏనుగు పైకి రాగా, మరల పల్లకి ఎక్కిన రామరాయలను బోయీలు విడిచి పారిపోయిరి. శత్రువులు ఆయనను పట్టి హుసేను ఎదుటికి కొనిపోయిరి. తాంబూలపు దినమును మరువని హుసేను వెంటనే తల తీయించి, ఈటె కొనకు గ్రుచ్చి ఎత్తి చూపించెను.

ఆ తలను చూచినంతనే విజయనగర సేన విరిగెను. విజయనగరము పక్షమున నున్న ఇరువురు ముసల్మాను సేనానులు పోరు మధ్యమున పక్షము మార్చుటయు ఓటమికి కారణమని, రెండేండ్లకు ఆ నగరమును చూచిన వెనీసు వర్తకుడు సీజరు ఫ్రెడరికు వ్రాసెను. అయినను దీనిని మతముల పోరుగా చూచుట పొరపాటు. రెండు పక్షముల సేనలలోను రెండు మతముల వారును ఉండిరి. తల యొక్కటి పడినంతనే లక్షల సేన నిలువలేకపోవుటకు మూలకారణము వేరు. కిరీటము ధరించిన రాజు అంతఃపురమున బందీ. అధికారము గల పెద్ద ఒక్కడే. ఆయన తరువాత ఎవరను ప్రశ్నకు సేనలో ఎవ్వరికిని సమాధానము తెలియదు.

సీమకు మిగిలినది

తిరుమలరాజు గాయపడి నగరమునకు వచ్చి, కోశమును వందల ఏనుగులపై కెక్కించి, సదాశివరాయలతో పెనుగొండకు తరలిపోయెను. రక్షకులు లేని విజయనగరము నెలల తరబడి దోపిడికి గురి యయ్యెను. రాజ్యము అంతటితో సమసిపోలేదు. ఆరవీటి వారు పెనుగొండ నుండియు, పిదప చంద్రగిరి నుండియు ఏలిరి. కాని ఉత్తరపు కావలి పోయెను. కొలది యేండ్లకే ఆదవాని బిజాపురము వశమయ్యెను. 17వ శతాబ్దపు తొలి భాగమున కందనవోలును రామరాయల వంశీయుడగు గోపాలరాజు చేతి నుండి బిజాపుర సేనాని అబ్దుల్ వహాబు ఖాను గెలిచెను. హంద్రీ ఒడ్డున అతని గోరీ నేటికి నున్నది. ఊరి నడుమ కొండారెడ్డి బురుజు నిలిచి యున్నది. గండికోటను 1650 ప్రాంతమున గోలకొండ సేనాని మీర్ జుమ్లా సాధించెను.

నడుమ ప్రభుత్వము సడలగా కోటకొక పాళెగాడు తలయెత్తెను. వాన చాలని మన కర్నూలు, కడప సీమలలో రైతు ఒకవంక కరవునకును, ఒకవంక దండ్లకును, మరియొకవంక పాళెగాని కప్పమునకును నలిగెను. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కుంపిణీకి దత్తము చేయునాటికి దత్త మండలములలో సుమారు ఎనుబది మంది పాళెగాండ్రు ఉండిరి. 1928లో నంద్యాలలో ఈ ప్రాంతమునకు రాయలసీమ యను పేరు పెట్టినపుడు, ఆ రాయల వైభవముతో పాటు ఆ రాయల పతనముయొక్క భారమును ఈ నేలయే మోసిన సంగతి కూడ అందులో ఇమిడియున్నది.

రామరాయలు పిరికి కాడు, క్రూరుడును కాడు. పేద మంగలి మాట మన్నించిన మనస్సు ఆయనది. అట్టివాడు ఓడినది శౌర్యము చాలక కాదు. ఇతరుల కలహమును తన బలముగా ఎంచెను. గెలిచినవాడు వంగవలసిన చోట ఓడినవానిని వంచెను. రాజ్యమును పలువురి చేతులలో ఉంచక ఒక్క తన తలపై నిలుపుకొనెను. కల్యాణ దుర్గమును ఆయన ఇరువైపుల వారికిని ఇప్పింపగలిగెను గాని, ఆ కల్యాణమున బసవన్న చేసిన పనిని చూడలేదు. బసవన్నయు మంత్రియే, భాండాగారము ఆయన చేతిదే. అయినను ఆయన అధికారమును పోగు చేయలేదు. చెప్పులు కుట్టు హరళయ్యకును, పడవ నడుపు చౌడయ్యకును సమానముగా పంచెను. బిజ్జలుని కాలమున కల్యాణము చెదరినపుడు పెద్ద లొరిగిరి; అయినను శరణులు వచనముల తాళపత్రములు చంకనిడి నలుదిక్కులకు నడచిరి. ప్రతి భక్తుని ఎదపై ఇష్టలింగము, ప్రతి భక్తుని చేతిలో కాయకము నుండుట చేత ఆ మార్గము ఏ ఒక్కని తల పడినను కూలలేదు.

నేడు తంగడగిలో కృష్ణ ఒడ్డున యాత్రికులు నీలాంబికాదేవిని, అప్పణ్ణను తలచుకొని మ్రొక్కుదురు. ఆ ఒడ్డుననే సామ్రాజ్యము కూలినదని వారిలో పలువురికి తెలియదు. మఠములలోను, కుటుంబములలోను పెద్దరికము వహించువారు ఆ రెండు జ్ఞాపకములను కలిపి తలచుట మేలు. అన్నదమ్ముల తగవుతో బలపడు పెద్దరికము ఎంత యెత్తు పెరిగినను తగవు తీరిన నాడు నిలువదు. దాసోహ భావముతో పదిమందికి పంచిన పెద్దరికము పెద్దవాడు లేని నాడును నిలుచును.